రెండు టన్నుల మనుషులు

ఛత్తీస్‌గఢ్ బీజాపూర్ జిల్లాలో సేద్యానికి పికప్ కొనబోతున్న ఆసామీ, ముందు ఆ ఫోన్ పక్కన పెట్టండి. అందులో అమెరికా బండ్లు పడవల్ని లాక్కుపోతుంటాయి. మన వైపు వానాకాలంలో వాగులో దిగబడ్డ బండిని ట్రాక్టరు లాగుతుంది, ఆ ట్రాక్టరును ఊరు లాగుతుంది. కాబట్టి ఎంత బరువు లాగుతుందని అడక్కండి. లాగించుకోవడానికి ముందు కొక్కెం గట్టిగా ఉందా అని అడగండి.

ఇక మోత. టాటా యోధా 2.0 అన్నా, బొలెరో మ్యాక్స్ పికప్‌లో పెద్దదన్నా, రెండు టన్నులంటారు. బాగానే ఉంది. వేటి రెండు టన్నులు? మన వాళ్లు కూలికి సేద్యం చేసేది తెలంగాణలో, గోదావరి ఒడ్డున. సంక్రాంతి దాటితే భోపాలపట్నం మీదుగా వాజేడు, వెంకటాపురం, ఏటూరునాగారం మిరప చేలకు ఊళ్లకు ఊళ్లే కదులుతాయి. మేస్త్రీ లెక్క తలల్లో, కంపెనీ లెక్క కిలోల్లో. అందర్నీ నిలబెట్టి వెనక డోరు బిగిస్తే రెండు లెక్కలూ కలుస్తాయి. పిల్లలు ఎలాగూ బరువు తక్కువ.

2024 మే 20న ఇదే ఛత్తీస్‌గఢ్‌లో, కవర్ధా దగ్గర, తునికాకు కోసి వస్తున్న ఆదివాసుల పికప్ రోడ్డు పక్క లోతులోకి బోల్తా కొట్టింది. 19 మంది పోయారు. ఎక్కువమంది ఆడవాళ్లు. బండి కొనేటప్పుడు ఇలాంటివి తలచుకోకూడదంటారా? నిజమే, శకునం.

బీమా సంగతి మీకేం బెంగ అక్కర్లేదు, బెంగ ఎక్కేవాళ్లది. సరుకు బండిలో ఊరికే ఎక్కిన ప్రయాణికుడికి బీమా కంపెనీ బాధ్యత లేదని ఆశారాణి కేసులో సుప్రీంకోర్టు ఏనాడో తేల్చింది. 1994 సవరణ ప్రకారం సరుకు యజమానికీ, అతని ప్రతినిధికీ మాత్రం రక్షణ ఉంది. దానికో ఉపాయం: ఎక్కేటప్పుడు తలకో మిరపకాయ చేతిలో పెట్టండి. అందరూ యజమానులైపోతారు. కోర్టు ఒప్పుకుంటుందా అంటారా, కాయ ఘాటును బట్టి ఉంటుంది.

అసలు చట్టానికి మనిషికీ సరుకుకూ తేడా తెలీదని మాత్రం అనకండి. 2020 లాక్‌డౌన్‌లో బాగా తెలిసింది. సరుకు బండ్లకు దారి వదిలారు, కూలీలను ఎక్కడివాళ్లను అక్కడే ఆపారు. కాయ కోసి ఉంటే కదలొచ్చు, కోసిన చేతికి వీల్లేదు. పేరూరు మిరప చేల నుంచి బీజాపూర్ జిల్లాలోని తన ఊరికి అడవి దారిన మూడు రోజులు నడిచిన పన్నెండేళ్ల ఆదివాసీ పిల్ల, ఏప్రిల్ 18న ఇల్లు చేరకముందే చనిపోయింది. అంతకుముందు ఎన్నడూ ఆమె ఊసెత్తని సర్కారుకు, ఆ నెలలోనే ఆ పిల్ల సరుకు కాదు, మనిషని గుర్తుకొచ్చింది మరి.

ఏ కంపెనీది కొంటారో మీ ఇష్టం, వాయిదాలు మీవి. వెనక తొట్టికి కడ్డీలు మాత్రం కాస్త ఎత్తుగా పెట్టించండి. మీరు ఎక్కించబోయే సరుకుకు చేతులుంటాయి, పట్టుకోవడానికి ఏదో ఒకటి కావాలి.