ఇంటికి ఒకటే కాయితం

హోసూరు చుట్టుపక్కల పల్లెల్లో ప్లస్ టూ ఫలితాలు వచ్చిన వారం ఏ ఇంటి గడప తొక్కినా ఒకటే మాట వినబడుతుంది. పాపనేం చేద్దాం, అబ్బోణ్ణేం చేద్దాం? ఎవరింట్లో పిల్లలు ప్లస్ టూ రాశారో వాళ్ళకు ఆ వారం నిద్ర ఉండదు.

మా ప్రాంతంలో ఆ ప్రశ్నకు చాలా ఏళ్ళుగా ఫ్యాక్టరీ గేటు దగ్గరే జవాబు దొరుకుతోంది. డెబ్బైల్లో సిప్‌కాట్ పారిశ్రామికవాడ వచ్చింది. 1980 ప్రాంతంలో అశోక్ లేలాండ్, టీవీఎస్ వచ్చాయి. ఆ తర్వాత టైటన్. 1987లో గడియారాలు అమ్మకానికి తెచ్చిన ఆ కంపెనీ మొదట్లో పల్లెల్లో ప్లస్ టూ చదివిన పిల్లల్ని ఏరుకుని, శిక్షణ ఇచ్చి, వాళ్ళ చేత గడియారాలు బిగింపించింది. ఇప్పుడు ఐఫోన్ భాగాలు చేసే టాటా ఎలక్ట్రానిక్స్ వచ్చాక ఆడపిల్లలకూ ఆ గేటు బార్లా తెరుచుకుంది. రాంచీ వైపు నుంచి కూడా అమ్మాయిలు వచ్చి పనిచేస్తున్నారు. ఆ జీతాలను నేను ఏనాడూ తక్కువ చేసి మాట్లాడను. వాటితో అప్పులు తీర్చుకున్న ఇళ్ళు, పెంకులు తీసి మిద్దె వేసుకున్న ఇళ్ళు కళ్ళారా చూశాను. అయితే ఇష్టపడి పోయే పిల్ల వేరు, తమ్ముడి కోసం పంపిస్తే పోయే పిల్ల వేరు.

తొరపల్లి దాటాక వచ్చే ఒక పల్లెలో జరిగిన సంగతి ఇది. తొరపల్లి అంటే రాజాజీ పుట్టిన ఊరు. 1878లో ఆ ఊరి మునసబు ఇంట పుట్టిన పిల్లవాడు హోసూరు బడిలో చదివి, బెంగళూరు సెంట్రల్ కాలేజీకి వెళ్ళి, ఆ తర్వాత దేశానికి గవర్నర్ జనరల్ అయ్యారు. నేను చెప్పబోయే ఇంట్లో మునసబులు లేరు. ఎకరన్నర గులాబీ తోట, రెండు ఆవులు, ఇద్దరు పిల్లలు. పాప ఎయిడెడ్ బడిలో ప్లస్ టూ ముగించింది. దానికంటే ఏడాది చిన్నవాడైన అబ్బోడు ప్రైవేటు మెట్రిక్ బడిలో ప్లస్ వన్ ముగించాడు. ఇద్దరిలో ఎవరికి ఫీజు కట్టారో, ఎవరికి కట్టలేదో వేరే చెప్పనక్కర్లేదు.

నేను బడిపంతులుగా చేసి రిటైరైనవాణ్ణి. ఫలితాలు వచ్చాక ఊళ్ళవాళ్ళు ఫారాలు నింపించుకోవడానికి నా దగ్గరికి వస్తుంటారు. ఆ పాప కూడా వచ్చింది. ఇంజినీరింగ్ కౌన్సెలింగ్‌కు గణితం నూటికి, భౌతికశాస్త్రం యాభైకి, రసాయనశాస్త్రం యాభైకి లెక్కగట్టి మొత్తం 200కు కటాఫ్ తీస్తారు. పాపకు 180 దాటింది. బర్గూరు ప్రభుత్వ ఇంజినీరింగ్ కాలేజీలో సీటు మీద ఆశపెట్టుకుంది. మన కృష్ణగిరి జిల్లాలోనే కదా, హాస్టలు ఖర్చు కూడా తగ్గుతుందని దాని లెక్క. చేతిలో ఒక ఫారం పట్టుకొచ్చింది. "ముదల్ పట్టదారి" (ఇంట్లో మొదటి పట్టభద్రులు) సర్టిఫికెట్ కోసం పెట్టుకునే దరఖాస్తు అది.

తమిళనాడు బయట ఉన్నవాళ్ళకు దీని సంగతి కొంచెం చెప్పాలి. ఇంట్లో అంతకుముందు ఎవరూ డిగ్రీ చదవని కుటుంబం నుంచి వచ్చే పిల్లకో పిల్లవాడికో ఇంజినీరింగ్ లాంటి కోర్సుల్లో ట్యూషన్ ఫీజు రాయితీ ఇస్తారు. 2010లో మొదలైంది. తహసీల్దారు ఆఫీసు నుంచి సర్టిఫికెట్ తెచ్చుకోవాలి. ఇంటికి ఒక్కరికే. అక్క వాడుకుంటే తమ్ముడికి లేదు, తమ్ముడు వాడుకుంటే అక్కకు లేదు. ప్రభుత్వ బడిలో చదివిన పిల్లలకైతే 2021 నుంచి ఇంజినీరింగ్‌లో 7.5 శాతం కోటా ఉంది, వాళ్ళ ఫీజు సర్కారే కడుతుంది. పాపది ఎయిడెడ్ బడి కాబట్టి ఆ దారి లేదు. ఏ తరమూ కాలేజీ మెట్లెక్కని ఇంటికి చెయ్యందించే పథకం ఈ ముదల్ పట్టదారి రాయితీ. నా చేతుల మీదుగా ఎందరికో రాసిచ్చాను, ఎందరో పైకొచ్చారు. అందుకే ఆ రోజు జరిగింది నన్ను అంతగా కలవరపెట్టింది.

పాప వెనకాలే వాళ్ళ నాయన మోటారు సైకిల్ మీద వచ్చాడు.

"సార్, ఆ ఫారం రాయాకండి. రాస్తే అబ్బోడి పేరు మీద రాయండి" అన్నాడు.

"వాడింకా ప్లస్ టూకే రాలేదు కదప్పా?"

"వచ్చే ఏడుకి వస్తాడు గదా. ఇంటికి ఒకటే కాయితం ఇస్తారంట. దాన్ని ఇప్పుడు పాపకి వాడేస్తే రేపు అబ్బోడి గతేంది? రెండు ఫీజులు కట్టేంత తాహతు నాకు లేదు సార్. పాప ఫోన్ల కంపెనీకి పోనీ. బస్సు ఊరికే వస్తాది, కూడు వాళ్ళే పెడతారు. దాని జీతం అబ్బోడి హాస్టలుకి సరిపోతాది. రెండేండ్లు పొయ్యినాక పెండ్లి చేసేస్తా."

కోపంతో చెప్పలేదు. తోటకు మందు ఎప్పుడు కొట్టాలో చెప్పినంత నిదానంగా చెప్పాడు. పాప తల వంచుకుని ఫారం అంచు మడత పెడుతూ నిలబడింది. ఏ తరమూ చదవని ఇంట్లో ఒకరిని చదివించడానికి పెట్టిన కాగితం ఆ పిల్లను చదువు మానిపించే కాగితం అయింది. ఈ మాట నేను అతనితో గట్టిగానే అన్నాను. బర్గూరులో సర్కారు ఫీజే కాబట్టి ప్రైవేటు కాలేజీ ఫీజుతో పోలిస్తే అది ఏమూలకూ రాదని చెప్పాను. బ్యాంకు అప్పు సంగతి చెప్పాను. అన్నిటికీ తల ఊపి, చివరికి "అంతా సరే సార్, మా ఇంట్లో ఆడోళ్ళు ఎవురు చదివినారని?" అన్నాడు.

మరుసటి ఆదివారం నేనే వాళ్ళింటికి వెళ్ళాను. ఆ ఫారాన్ని అలా వదిలేయడానికి మనసొప్పలేదు.

వసారాలో మంచం వేశారు. ఒక పక్క అప్పుడే కోసిన గులాబీలను ఇల్లాలు కట్టలు కడుతోంది. ఇరవై పూలు ఒక కట్ట. మొగ్గలు ఒక వరసకు తెచ్చి, అట్టముక్క చుట్టి, కాడల చివర్లు కత్తిరించి, రబ్బరు బ్యాండు వేయడం. చేతులు ఆగడం లేదు. ఇంతలో మండీ నుంచి నిన్నటి సరుకు చీటీ వచ్చింది. ఆయన దాన్ని తిప్పి తిప్పి చూసి భార్యకిచ్చాడు. ఆమె ఒకసారి చూసి, "కమీషను రెండుసార్లు పట్టినారు, నూటా అరవై తక్కువుంది, ఫోన్ చెయ్యి" అంది. ఫోన్ చేస్తే నిజమే.

"లెక్కలో ఇది గట్టిది సార్" అన్నాడు ఆయన, పెళ్ళాన్ని నిజంగా మెచ్చుకుంటూ. "చదివింది ఎనిమిదే. మా అబ్బోడికి దీని తలకాయే వచ్చింటే బాగుండు."

వచ్చింది పాపకు. ఆ మాట నేను పైకి అనలేదు.

కాఫీ తాగి ఫారం తీశాను. అభ్యర్థి పేరు దగ్గర పాప పేరు రాయాలని నేను, కొడుకు పేరు రాయాలని ఆయన. సరే, ముందు కింద ఉన్న ఇంటివాళ్ళ పట్టిక నింపుదాం, పేరు సంగతి తర్వాత చూద్దాం అన్నాను. ఎవరి పేరు మీద పెట్టినా ఆ పట్టిక ఒకటే.

ఆ పట్టిక నింపడం నాకు ప్రతిసారీ కష్టంగానే ఉంటుంది. ఒక్కో గడిలో ఒక్కో మనిషి చదువు రాయాలి.

నాయన తండ్రి?

"ఏల్ముద్ర సార్. బిల్లు మీద కూడా ఏల్ముద్రే."

నాయన తల్లి?

"చదవలేదు."

అమ్మ తండ్రి?

"ఆయన కుప్పం పక్క. అయిదో ఆరో చదివినాడు. చందమామ పుస్తకం చదివేవాడు."

అమ్మ తల్లి?

"లేదు."

నాయన?

"తొమ్మిది ఫెయిలు" అన్నాడు. కాసేపు ఆగి, "తొమ్మిది అని రాస్తే చాలు గదా సార్?" అన్నాడు. తొమ్మిది అనే రాశాను.

అమ్మ?

"ఎనిమిది, చెప్తిని గదా."

నేను పెన్ను ఆనించాను. ఇల్లాలు అప్పుడు చేతిలో ఉన్న కట్టకు రబ్బరు బ్యాండు వేసి పక్కన పెట్టింది.

"సార్, ఆ గడిలో ఎనిమిది రాయాకండి. బి.కాం. అని రాయండి."

ఆయన నవ్వాడు. పాప నవ్వలేదు. అమ్మ ముఖం చూసింది.

ఆమె లోపలికి వెళ్ళింది. తిరిగి వచ్చేటప్పుడు చేతిలో పెళ్ళినాటి పట్టుచీర ఉంది. మడతల మధ్య నుంచి ప్లాస్టిక్ కవరు తీసింది. అందులో శ్రీ వేంకటేశ్వర విశ్వవిద్యాలయం ప్రొవిజనల్ సర్టిఫికెట్. ఆమె పేరు, వాళ్ళ నాయన పేరు, ఫస్ట్ క్లాస్.

"మీరు చూడ్డానికి వచ్చిన వారానికి ముందే రిజల్టు వచ్చింది" అంది, ఎవరి వైపూ చూడకుండా. "పిల్లోడు తొమ్మిదంట, పాప డిగ్రీ అంటే సమ్మందం తప్పిపోతాదని మాయన్న భయపడినాడు. ఎనిమిదని చెప్పమన్నాడు. చెప్పినాను. ఆ పొద్దు నుంచి ఎనిమిదే."

మాయన్న అంటే వాళ్ళ నాయన. చందమామ చదివిన మనిషి.

పాప ఆ కాగితాన్ని రెండు చేతులతో పట్టుకుని చదువుతోంది. ఒక్కో సబ్జెక్టు పేరు పెదవులతో పలుకుతోంది. తాను కంపెనీకి పోవాలన్న మాట ఇంట్లో నలిగిన ఇన్ని రోజులూ అమ్మ ఈ చీరను పెట్లో పెట్టుకునే ఉందని అప్పటికి దానికి అర్థమైంది. నా గొంతులో ఏదో అడ్డం పడింది. ఫస్ట్ క్లాసులో డిగ్రీ పాసైన మనిషి, పక్కనే ఉన్న మొగుడికి తెలియకుండా, ఇన్నేళ్ళూ మండీ చీటీల్లో తప్పులు దిద్దుతూ కూర్చుంది.

ఆయన చాలాసేపు మాట్లాడలేదు. తర్వాత మంచం మీద ముందుకు జరిగి, గొంతు తగ్గించి నన్నే అడిగాడు.

"సార్, ఈ సంగతి తాశీల్దారుకి తెలీదు గదా? ఎనిమిది అనే రాసేస్తే ఏమవుతాది?"

నేను జవాబు చెప్పేలోపే ఆమె అందుకుంది.

"ఏమీ కాదు. అబద్ధమని తేలితే కొడుకు సీటు పోతాది, సంతకం పెట్టిన నీ మీద కేసు పెడతారు. అంతే."

"అయితే నా కొడుక్కి కాయితం రాదా?"

"రాదు. పాపకీ రాదు." ఆమె ఇంకో ఇరవై పూలు చేతిలోకి తీసుకుంది. "ఇంగ దాచిపెట్టేకి కాయితం లేదు గదా. ఇద్దరి మార్కులూ తెచ్చి ముందర పెట్టుకో. ఎవురు చదవాల్నో, ఎవురు కంపెనీకి పోవాల్నో ఇప్పుడు చెప్పు."