కంప్యూటర్ చూడకుండా విండోస్ 11 ఎక్కించే పద్ధతి

1. 2025 అక్టోబరు 14తో విండోస్ 10కి మామూలు మద్దతు ఆగిపోయింది. పోర్టు దగ్గరి క్లియరింగ్ ఏజెంట్ ఆఫీసులో పనిచేసే మిమ్మల్ని మేనేజరు పిలిచి, "విండోస్ 11కి మన సిస్టమ్ పనికొస్తుందా, చూడు" అంటాడు. "చూస్తాను సార్" అనండి. చూడకండి.

2. మైక్రోసాఫ్ట్ ఉచితంగా ఇచ్చే పీసీ హెల్త్ చెక్ జోలికి పోకండి. ఇంటెల్ ప్రాసెసర్ ఎనిమిదో తరందా, టీపీఎం 2.0 ఉందా, సెక్యూర్ బూట్ ఉందా అని అది ఆరా తీస్తుంది. లేదని తేలితే కొత్త మెషీన్‌కి కొటేషన్లు తెప్పించే చాకిరీ మీదే. రూఫస్ అనే టూల్‌తో బూటబుల్ పెన్‌డ్రైవ్ చేసి, ఈ తనిఖీలు తీసేసే గడిలో టిక్కు కొట్టండి. తర్వాత అప్‌డేట్లు వస్తాయన్న హామీ ఉండదు. రాకపోతే మరీ మంచిది, రీస్టార్టుల బాధ తప్పుతుంది. ర్యామ్ 4 జీబీ ఉందా? మైక్రోసాఫ్ట్ చెప్పిన కనీస పరిమితి అంతే. ఇంకొకటి అడగకండి.

3. క్యాబినెట్ మూత విప్పకండి. ఇది ముఖ్యం. మన ఊళ్లో బొగ్గు ధూళి, ఇనుప ఖనిజం ధూళి, సముద్రపు తేమ కలిసి ఫ్యాను రెక్కలకు నల్లగా పేరుకుంటాయి. ఆ మట్టి దులిపితే ఫ్యాను బాగా తిరుగుతుంది. ఫ్యాను తిరిగితే ప్రాసెసర్ చల్లబడుతుంది. చల్లబడితే సిస్టమ్ ఆగదు. సిస్టమ్ ఆగకపోతే మీరు టీకి ఎప్పుడెళ్తారు? ర్యామ్ తీసి, దాని కాళ్లను రబ్బరుతో రుద్దడం కూడా ఇలాంటి అత్యుత్సాహమే.

4. హార్డ్‌డిస్కు టకటకమంటోందా? డిస్కు ఆరోగ్యం చెప్పే స్మార్ట్ రిపోర్టు తెరవకండి, బ్యాకప్ అసలే వద్దు. షిప్పింగ్ బిల్లులు, బిల్ ఆఫ్ ఎంట్రీలు డీ డ్రైవులో ఉంటాయి. ఎక్కించేటప్పుడు పార్టిషన్లన్నీ డిలీట్ కొట్టండి. జాగా బోలెడు మిగులుతుంది.

5. బయోస్ అప్‌డేట్‌ని మబ్బు పట్టాక, యూపీఎస్ బ్యాటరీ చచ్చాక మొదలుపెట్టండి. మధ్యలో కరెంటు పోయి మదర్‌బోర్డు పడుకుంటే తప్పు మీది కాదు, వానది.

6. సాకులు ముందే వరస పెట్టుకోండి. మేనేజరుకి: "ఏటి సేస్తాం సార్, ఉప్పుగాలి!" కిటికీ ఊచలు, స్కూటర్లు తుప్పు పట్టే ఊళ్లో ఎవరూ కాదనరు. ఫోన్ చేసే పార్టీకి: "సర్వర్ డౌనండీ." ద్వారకానగర్ నుంచి వచ్చే రిపేరు కుర్రాడికి: "దానంతట అదే ఆగిపోయింది తమ్ముడూ." అతను రాకముందే పెన్‌డ్రైవ్ జేబులో వేసుకోండి.

7. కాగితాల్లేక కంటైనరు యార్డులో ఆగుతుంది, డెమరేజీ పెరుగుతుంది. కట్టేది యజమాని. మీరు నాలుగింటికే బీచ్ రోడ్డుకెళ్లి మురీ మిక్చర్ తినండి.