ముద్దాయి వరుణుడు

మా జిల్లాలో పంట ఎండితే నేరస్తుడెవరో మర్నాటి పేపరే తేల్చేస్తుంది. పంచనామా ఉండదు, సాక్షులుండరు, వాయిదాలుండవు. ‘ముఖం చాటేసిన వరుణుడు’ అని జిల్లా పేజీలో పెద్దక్షరాల శీర్షిక. దాని కింద నెర్రెలిచ్చిన నేల ఫొటో. (మా ఎర్ర గరుసు నేల అంతగా నెర్రెలివ్వదు. ఆ ఫొటో ఏదో చెరువు అడుగున తీసుకొచ్చిందే అయి ఉంటుంది. పోనివ్వండి, కరువుకు కూడా కాస్త అలంకారం కావాలి.) నాలుగు చినుకులు రాలితే ‘కరుణించిన వరుణుడు’. చిత్రావతి పొంగితే ‘వరుణుడి ఉగ్రరూపం’. వేసవిలో ఆయనకు సెలవు, భానుడు డ్యూటీలో ఉంటాడు, ‘నిప్పులు చెరుగుతాడు’. మొత్తానికి శ్రీ సత్యసాయి జిల్లా వాతావరణానికి బాధ్యులు వీళ్లిద్దరే. ఇద్దరికీ చిరునామా లేదు. బదిలీ చేయలేరు, సమాచార హక్కు కింద అర్జీ పెట్టి లెక్క అడగలేరు. ఇంత అనుకూలమైన ముద్దాయిలు ఏ ప్రభుత్వానికి దొరుకుతారు? ఏ పత్రికకు దొరుకుతారు?

లోపలి పేజీలో, అడుగున, సిమెంటు ప్రకటనకు సంక్రాంతి ఆఫరుకు మధ్య ఇరుక్కుని ఒక చిన్న పెట్టె ఉంటుంది. ‘ఉపరితల ఆవర్తన ప్రభావంతో కోస్తా, రాయలసీమల్లో ఒకట్రెండు చోట్ల తేలికపాటి నుంచి మోస్తరు వర్షాలు కురిసే అవకాశం ఉంది.’ పుట్టపర్తి బస్టాండు దగ్గర టీ తాగుతూ ఈ వాక్యం చదివిన పెద్దాయన తలెత్తి అడిగేది ఒక్కటే: ‘ఆ ఒకట్రెండు చోట్లు యాడుండాయప్పా?’ కుప్పం నుంచి ఆదోని దాకా రాయలసీమే. అందులో ఆ రెండు చోట్లు ఎక్కడో వెతుక్కోవడం రైతు పని.

నిజానికి ఆ వాక్యంలో ప్రతి ముక్కకూ లెక్క ఉంది. పత్రిక దాన్ని అచ్చు వేయదు, అంతే. వాతావరణ శాఖ పరిభాషలో ‘ఒకట్రెండు చోట్ల’ అంటే ఆ ప్రాంతంలోని వర్షమాపక కేంద్రాల్లో నాలుగో వంతుకు మించకుండా వాన పడుతుందని. అంటే ముప్పాతిక సీమకు చినుకు పడకపోయినా జోస్యం ఫలించినట్టే. ఇక ‘తేలికపాటి’ వాన అంటే ఇరవై నాలుగు గంటల్లో రెండున్నర మిల్లీమీటర్ల నుంచి 15.5 దాకా. ‘మోస్తరు’ అంటే అక్కడి నుంచి 64.4 దాకా. ఉమ్మడి అనంతపురం జిల్లాలో ఏడాది పొడుగునా పడేదే సగటున 550 మిల్లీమీటర్ల దరిదాపు. కాబట్టి ‘తేలికపాటి నుంచి మోస్తరు’ అన్న మాటకు మా ఊళ్లో అర్థం ఇది: రేపు దుమ్ము కూడా అణగని వాన పడవచ్చు, లేదా ఏడాది కోటాలో తొమ్మిదో వంతు ఒక్కరోజే పడవచ్చు. గొర్రు కట్టాలా, విత్తనం మూట మళ్లీ అటక మీదికి ఎక్కించాలా అన్న ప్రశ్న ఆ రెంటి నడుమే ఉంది. దానికి ‘అవకాశం ఉంది’ అన్నదే జవాబు.

పైగా ఆ పెట్టెకు పక్కనే రాశిఫలాలు. పన్నెండు రాశులకు పన్నెండు పేరాలు, ముప్పైరెండు మండలాలకు ఒక్క వాక్యం. తులారాశి వారికి మధ్యాహ్నం తర్వాత బంధువుల రాక ఉందో లేదో మా పత్రికలకు కచ్చితంగా తెలుసు. తనకల్లుకు వాన రాక సంగతే తెలియదు.

2023 సంగతి గుర్తు చేసుకుందాం, ఎందుకంటే ఆ ఏడాది అంచనా దాదాపు గురి తప్పలేదు. ఏప్రిల్‌లో భారత వాతావరణ శాఖ నైరుతి సీజన్‌కు దీర్ఘకాల సగటులో 96 శాతం వర్షం పడుతుందని చెప్పింది. అయిదు శాతం అటూ ఇటూ కావచ్చని చెప్పింది. సీజన్ మధ్యలో ఎల్‌నినో తలెత్తే సూచనలున్నాయనీ అదే నోటితో చెప్పింది. పత్రికలకు చేరేసరికి అయిదు శాతమూ, ఎల్‌నినో కూడా వెనక్కి పోయాయి. ‘ఈ ఏడాది సాధారణ వర్షాలే’ అన్నది ముందుకొచ్చింది. సెప్టెంబరు ఆఖరుకు దేశం మొత్తం మీద పడింది 94 శాతం. శాస్త్రవేత్తలకు చప్పట్లు కొట్టాల్సిందే, నేనూ కొడతాను.

కానీ ఆ ఆగస్టు దేశచరిత్రలో 1901 నుంచి ఉన్న లెక్కల్లోకెల్లా పొడి ఆగస్టు. వేరుశనగకు ఊడలు దిగే కాలం అది. ఊడ నేలలోకి దిగాలంటే నేల మెత్తగా ఉండాలి. గట్టిపడిన నేల మీద ఊడ గాల్లోనే వేలాడి మాడిపోతుంది, చెట్టు మాత్రం పచ్చగా నిలబడి రైతును వెక్కిరిస్తుంది. జూన్, జులై, సెప్టెంబరు కలిసి ఆగస్టు లోటు పూడ్చవచ్చు, లెక్కల పుస్తకంలో. చేలో పూడ్చలేవు. అక్టోబరు ఆఖర్లో రాష్ట్ర ప్రభుత్వం 103 కరువు మండలాలు ప్రకటిస్తే అందులో 21 మా జిల్లావి, ఉన్నవే 32. దేశానికి దాదాపు సాధారణ వర్షం, సత్యసాయి జిల్లాకు కరువు. రెండూ నిజమే. పెళ్లి విందులో మొదటి బంతివాళ్లు తలా పది లడ్లు తిని, చివరి బంతివాళ్లు ఖాళీ విస్తరి మడిచి లేచినప్పుడు, సగటున తలకు అయిదు లడ్లు పడ్డాయని వంటాయన లెక్క చెబితే ఎలా ఉంటుందో, మేఘాలయను మడకశిరను కలిపి తీసిన సగటు మాకు అలా ఉంటుంది.

ఈ విషయంలో పంచాంగమే నయం. ఉగాదినాడు సిద్ధాంతిగారు ఈ ఏడాది ఎన్ని కుంచాల వర్షమో చెప్పి ఊరుకోరు. అందులో ఇన్ని భాగాలు సముద్రం మీద, ఇన్ని పర్వతాల మీద, ఇన్ని భూమి మీద అని పంచి మరీ చెబుతారు. జోస్యం తప్పయితే తప్పు కావచ్చు. కానీ మనకు రావాల్సిన వానలో ఎక్కువ భాగం సముద్రంలో పోతుందని ముందే ఒప్పుకునే నిజాయితీ అందులో ఉంది.

భారత వాతావరణ శాఖ 1875లో పుట్టింది. మరుసటి ఏడు ధాత నామ సంవత్సరం. మన సీమను ఊడ్చిపెట్టిన ధాత కరువు అప్పుడే మొదలైంది. శాఖకు, కరువుకు అంత పాత పరిచయం. అంత పాత చుట్టాన్ని 2016 జనవరిలో శాఖ గడప దాటించేసింది. ఇకమీదట మా నివేదికల్లో కరువు అన్న మాట వాడం, ‘లోటు సంవత్సరం’ అంటాం అంది. కరువు ప్రకటించడం రాష్ట్రాల పని, మాది కాదు అన్నది వాళ్ల వాదన. కాగితం మీద అది సబబే. అదే ఏడాది ఆగస్టులో అనంతపురం చేలల్లోకి నీళ్లు చిమ్మే రెయిన్‌గన్లు దిగాయి, కరువు మీద యుద్ధమన్నారు. ఢిల్లీ లేదన్న శత్రువు మీద అమరావతి తుపాకులు పేల్చింది. ఆ ఏడాది కరువు మండలాల జాబితాలో అనంతపురం పేరు తప్పలేదన్నది వేరే సంగతి. అంతకు ముందు మేఘమథనం చూశాం. మేఘాల మీద విమానాలు తిరిగాయి, మేఘాలు తమ దారిన తాము పోయాయి.

అసలు చిత్రం ఇంకొకటుంది. బుక్కపట్నం చెరువుకు ఇప్పుడు హంద్రీ-నీవా కాలువ గుండా శ్రీశైలం నీళ్లు వస్తున్నాయి. ఆ కృష్ణమ్మ పుట్టేది మహాబలేశ్వరంలో. కాబట్టి బుక్కపట్నం ఆయకట్టు రైతుకు పుట్టపర్తి వాన సూచన కంటే మహారాష్ట్ర కొండల వాన సూచన అక్కరకొస్తుంది. ఆ సంగతి ఒక్క వాక్యంలో చెప్పే పెట్టె నాకింతవరకూ కనిపించలేదు.

చెప్పేవాళ్లు లేరా అంటే, ఉండేవాళ్లు. కృషి విజ్ఞాన కేంద్రాల్లో దేశమంతటా రెండొందల దాకా జిల్లా వ్యవసాయ వాతావరణ యూనిట్లు పెట్టారు. వారానికి రెండుసార్లు, మంగళవారం, శుక్రవారం, రాబోయే అయిదు రోజులు ఎలా ఉంటాయో, మందు కొట్టవచ్చో లేదో, విత్తనం ఆపాలో వేయాలో రైతు భాషలో చెప్పడం వాళ్ల పని. 2024 మొదట్లో ఆ యూనిట్లను మూసేశారు. అదే ఏడాది సెప్టెంబరులో రెండు వేల కోట్లతో ‘మిషన్ మౌసమ్’కు ఆమోదం తెలిపారు. రాడార్లు వస్తాయి, సూపర్ కంప్యూటర్లు వస్తాయి. కళ్లకు ఖరీదైన అద్దాలు పెట్టి నోరు కుట్టేశారు. ఇక రైతు చేతిలో మిగిలింది యాప్. సిగ్నల్ లేని చేలో నిలబడి ఆకాశం వైపు చెయ్యెత్తి ఫోను ఊపుతుంటాడు. దూరం నుంచి చూసేవాళ్లకు వరుణుడికి మొక్కుతున్నట్టే ఉంటుంది.

మహారాష్ట్రలో బీడ్ జిల్లా రైతులు 2017లో ఏకంగా వాతావరణ శాఖ మీదే పోలీసు స్టేషన్‌లో ఫిర్యాదు చేశారు. మంచి వానలన్నారు, నమ్మి విత్తాం, మునిగాం, విత్తనాల కంపెనీలతో కుమ్మక్కయ్యారు అన్నది ఆరోపణ. వాళ్ల కోపం న్యాయమైనదే, ముద్దాయి మాత్రం తప్పు. నాలుగు నెలల ముందు దేశం మొత్తానికి చెప్పే అంచనాలో తన రెండెకరాల కబురు ఉందని రైతును నమ్మించింది ఎవరు? సంభావ్యతలను, అటూ ఇటూ శాతాలను కత్తిరించి శుభవార్తను మాత్రం శీర్షిక చేసింది ఎవరు? ఆ ఫిర్యాదులో రెండో ముద్దాయిగా పత్రికలను చేర్చి ఉంటే నేను వెళ్లి సాక్ష్యం చెప్పేవాణ్ణి.

కరువు సీమే కదా, వరద సూచన ఎందుకు అనుకోవద్దు. 2021 నవంబరు 19న చెన్నేకొత్తపల్లి మండలం వెల్దుర్తి దగ్గర చిత్రావతిలో చిక్కుకున్న పదిమందిని వైమానిక దళం హెలికాప్టర్‌లో పైకి లాగాల్సి వచ్చింది. ఏడాదిలో ఎక్కువ భాగం ఇసుక తప్ప ఏమీ పారని ఏరది! గాలి ఒక డిగ్రీ వేడెక్కితే దాదాపు ఏడు శాతం ఎక్కువ తేమను మోస్తుంది. దించినప్పుడు ఒక్కసారే దించుతుంది. అంటే అదే 550 మిల్లీమీటర్లు తక్కువ రోజుల్లో, పెద్ద దెబ్బలుగా పడి, నడుమ బెట్ట రోజులు పెరుగుతాయన్నమాట. వాతావరణ మార్పు అంటే ధ్రువపు ఎలుగుబంటి ఫొటో వేసే ఆదివారం అనుబంధం, దాని జిల్లా ఎడిషన్ చిత్రావతి ఒడ్డునే అచ్చవుతోందని ఎప్పుడు గమనిస్తుందో!

సంపాదకులకు ఒక అర్జీ. ప్రతి మండలంలోనూ పొద్దున ఎనిమిదిన్నరకు వాన కొలుస్తారు, ఆ అంకె అధికారుల దగ్గర ఉంటుంది. దాన్ని తెప్పించుకుని రోజూ మూడు గళ్లు వేయండి: నిన్న ఈ పేజీలో మనం ఏం చెప్పాం, ఏ మండలంలో ఎంత పడింది, ఆఖరి పదును వాన పడి ఎన్ని రోజులైంది. జోస్యం తప్పిన రోజు తప్పిందని రాయండి, శాఖ పరువు పోదు, మీది అసలే పోదు. చోటు లేదంటారా? రాశిఫలాలు తీసేయండి. మేషం నుంచి మీనం దాకా ఎవరూ కోర్టుకెక్కరు.