చంపడం నా రెండో పని

నేను చిన్నపేగు గోడలో కాపురముండే లింఫోసైట్‌ను. రక్తంలో తిరిగే మా బంధువులకున్నంత తిరుగుడు నాకు లేదు. పేగు లోపలి వేళ్లలాంటి చూషకాల మీద ఒకే వరుసగా పరచుకున్న పొర కణాల సందుల్లోనే మసలుతాను. ఇంచుమించు పది పొర కణాలకు ఒకరం చొప్పున ఉంటాం. నా ఒంటి మీది ప్రొటీన్ పక్క కణం మీది ఈ-క్యాడ్‌హెరిన్ అనే ప్రొటీన్‌ను పట్టుకోవడం వల్లే ఇక్కడ నిలదొక్కుకున్నాను. నాలో పెర్ఫోరిన్, గ్రాంజైమ్ గుళికలున్నాయి. వైరస్ సోకిన కణానికి చిల్లు పొడిచి చంపగల సరుకది. దాన్ని చూసి చాలామంది నన్ను హంతకుల జాబితాలో వేశారు. నేననేది వేరు: వైరస్ నుంచి పేగును కాపాడడంలో నా మొదటి పని ఇరుగుపొరుగును అప్రమత్తం చేయడమే.

దీనికి చిట్టెలుకల మీది ప్రయోగాలే సాక్ష్యం. మమ్మల్ని ఉత్తేజపరచగానే, ఇంటర్‌ఫెరాన్ అనే హెచ్చరిక ప్రొటీన్‌కు స్పందించే జన్యువులు పొర కణాల్లో చకచకా పనిలోకి దిగాయి. అవి తయారుచేసే ప్రొటీన్లలో కొన్ని వైరస్ ఆర్‌ఎన్‌ఏను ముక్కలు చేయిస్తాయి, కొన్ని వైరస్ ప్రొటీన్ల తయారీకి అడ్డుపడతాయి. ఇంటర్‌ఫెరాన్‌ను అందుకునే గ్రాహకాలు లేకపోతే ఈ మార్పు రాదు. పైగా లాంబ్డా రకం ఇంటర్‌ఫెరాన్‌కు గ్రాహకాలు ప్రధానంగా పొర కణాల మీదే ఉంటాయి కాబట్టి ఒళ్లంతా వాపెక్కకుండానే కబురు చేరుతుంది. మా పొరుగునుండే మరో రకం లింఫాయిడ్ కణాలు వదిలే ఇంటర్‌ల్యూకిన్-22 దీనికి తోడైతే ఎలుకల్లో పేగుకు సోకే రోటావైరస్ మరింత బాగా అదుపులోకి వచ్చింది.

సోకిన కణాన్ని చంపకపోతే వైరస్ పెరగదా అని అడగవచ్చు. పెరుగుతుంది, అందుకే ఆ గుళికలు. ఎలుకల్లో రోటావైరస్‌ను తుడిచేయడంలో సీడీ8 అనే రకం హంతక లింఫోసైట్ల పాత్ర ఉంది కూడా. కానీ తిండికీ రక్తానికీ మధ్య ఉన్నది ఒక్క కణం మందం పొర. చూషకాల కొసల్లోని కణాలను రోటావైరస్ ఇప్పటికే నాశనం చేస్తుంటే నేనూ విచ్చలవిడిగా చంపితే ఎలుక మీద కోపంతో ఇంటికి నిప్పు పెట్టుకున్నట్టే. గోధుమల్లోని గ్లూటెన్‌తో మొదలయ్యే సీలియాక్ వ్యాధిలో జరిగేదదే. మావాళ్లు అదుపు తప్పి పొర కణాలను చంపుతారు, చూషకాలు చదునైపోతాయి, తిన్నది ఒంటబట్టదు.

మళ్లీ సోకకుండా ఆపేది యాంటీబాడీలు కదా అన్నది మరో ఆక్షేపణ. వాటి విలువ తక్కువేం కాదు. హైదరాబాద్‌లో భారత్ బయోటెక్ తయారుచేసిన రోటావాక్ టీకాను చుక్కలుగా నోట్లో వేసేది పేగులో ముందస్తు రక్షణ పుట్టించడానికే. 2016లో ప్రభుత్వ టీకాల కార్యక్రమంలో రోటావైరస్ టీకా మొదలైన నాలుగు రాష్ట్రాల్లో ఆంధ్రప్రదేశ్ ఒకటి. అయితే తొలిసారి సోకినప్పుడు యాంటీబాడీలు తయారవడానికి రోజులు పడుతుంది. రోటావైరస్ సుమారు రెండు రోజుల్లోనే విరేచనాలు పట్టిస్తుంది. ఆ వ్యవధిలో పేగుకు దిక్కు మాబోటి స్థానిక కణాలే. కాబట్టి నా పనితనం కొలవాలనుకునేవారు చచ్చిన కణాలతోపాటు సోకకుండా మిగిలిన కణాలనూ లెక్కపెట్టాలి.