నెమ్మదికి క్లాసులట!

మా మనవరాలు ఈమధ్య నెమ్మదిగా బతకడం నేర్చుకుంటోంది. దానికి క్లాసులున్నాయి. ఆదివారం పొద్దున్నే ఏడింటికల్లా అక్కడ ఉండాలని కాఫీ నిలబడే తాగేసి, బండి తాళాలు కనబడక ఇల్లంతా తిరగేసి, పరుగున పోతుంది. మధ్యాహ్నానికి తిరిగొచ్చి, "తాతయ్యా, రుతువుల్ని గమనిస్తూ బతకాలట. ఏ కాలంలో దొరికేది ఆ కాలంలోనే తినాలట" అంటుంది. డబ్బు కట్టి మరీ తెలుసుకున్న సంగతి కదా, ఎందుకు కాదనాలని ఊరుకున్నాను. అక్కడ ఊరుకున్నది ఇక్కడ కక్కుతున్నాను.

మా రోజుల్లో రుతువుని గమనించకపోతే గొంతు తడవదు. మాది కోనసీమ. ధవళేశ్వరం ఆనకట్టని కాటన్ దొర 1852 నాటికి పూర్తిచేసిన దగ్గర్నుంచి మా ఊళ్ల తలరాత లాకుల దగ్గరే ఉంది. ఎండలు ముదిరేసరికి కాలువలు కట్టేసేవారు. కట్టేస్తున్నారని కబురు రాగానే మంచినీళ్ల చెరువు నింపుకోవాలి. ఏమరితే జూన్‌లో మళ్లీ నీళ్లు వదిలిందాకా ఊరంతా నాలుక పిడచగట్టుకుని కూర్చోవడమే. దాళ్వా కోతలు అయిపోయాయి, సార్వాకి దుక్కి ఇంకా మొదలవలేదు. ఆ మధ్యలో పెళ్లిళ్లు, పాకల కప్పులు నేయించడం, కాలువ పూడిక తీయడం, అరుగు మీద పేకాట. ఆ సెలవు ఎవరూ అడిగి తెచ్చుకున్నది కాదు. ఇవాళ నెల ముందు నుంచి బతిమాలినా మేనేజరు నాలుగు రోజులు ఇవ్వడు.

మా తాతగారికి ఇంగ్లీషు నెలలతో పనే లేదు. ఆయన లెక్కంతా కార్తెలతో. సూర్యుడు ఏ నక్షత్రంలో ఉంటే ఆ కార్తె. ఏడాదికి 27, ఒక్కోటీ పదమూడు, పద్నాలుగు రోజులు. రోహిణిలో రోళ్లు పగలాలి, మృగశిరలో తొలకరి పడాలి. ఉత్తర చూసి ఎత్తర గంప అని మెట్ట ఊళ్లవాళ్ల సామెత ఒకటుంది. ఉత్తర వచ్చేది సెప్టెంబరు మధ్యలో. అప్పటిదాకా ఆశ వదలకుండా ఆకాశం చూసి, అప్పటికీ చినుకు లేకపోతేనే గంప నెత్తినెత్తుకుని వేరే ఊరు వెతుక్కునేవారు. మా అబ్బాయి ఫోనులో వాన గుర్తు చూసి గొడుగు పట్టుకెళ్తాడు, సాయంత్రానికి పడకపోతే వాతావరణ శాఖని తిడతాడు. వాన కూడా ఇప్పుడు పంచాంగం చదవడం మానేసిందనుకోండి. అది వేరే ఏడుపు.

మామిడిపండుకీ అదే గతి. కొత్తపల్లి కొబ్బరి కాయలు పచ్చివి దింపించి, వెనకగదిలో వరిగడ్డి మీద వరసగా పేర్చి, పైన మళ్లీ గడ్డి కప్పేవారు. రోజూ పొద్దున్నే గడ్డిలో చెయ్యి పెట్టి మెత్తబడ్డ కాయని తడిమి పట్టుకోవడం పిల్లల ఉద్యోగం. ఇప్పుడు మార్చి రాకముందే బండి మీద పసుప్పచ్చగా నవ్వుతుంటాయి, కోస్తే టెంక దగ్గర పుల్లగా, తెల్లగా. కార్బైడుతో మగ్గబెట్టకూడదని చట్టమైతే ఉంది.

నా తోటి ముసలాళ్లకీ ఒక మాట తగిలించాలి. పార్కు బెంచీ మీద కూర్చుని "ఆ రోజులెంత ప్రశాంతం!" అని నిట్టూరుస్తారే, వాళ్లలో ఒక్కడూ ఆవపిండి దంచినవాడు కాదు. వేసవిలో పని లేదన్నాను కదా, అది మగాళ్లకి. మా నాయనమ్మకి మాత్రం ఒక్క ఎండ వృథా కాకూడదు. చింతపండు గింజ తీసి కుండలకెత్తడం, గుమ్మడి వడియాలు, చల్ల మిరపకాయలు, మామిడి తాండ్రకి చాప మీద పొర మీద పొర పూయడం, ఆపైన ఆవకాయ. ముక్కకి తడి తగలకూడదు, జాడీలో తేమ ఉండకూడదు, మూడో రోజు తిరగకలిపేదాకా ఎవరూ దాని దరికి పోకూడదు. కారం మంటకి రాత్రి చేతులు చల్లలో ముంచుకుని కూర్చునేది. మేం అరుగు మీద తీరిగ్గా ఉన్నది ఆవిడ పెరట్లో పరిగెత్తబట్టే. నెమ్మదిగా బతకడం గురించి ఆవిడకి చెప్పబోతే రోకలి పుచ్చుకుని తరిమేది.

చలికాలం గురించి ఎక్కువ చెప్పను. ముగ్గులు, గొబ్బెమ్మలు అందరూ రాసేవే. హరిదాసు మాత్రం ఇప్పుడు మోటారు సైకిలు మీద వస్తున్నాడు. బియ్యం తెచ్చేలోగా పక్క వీధిలో ఉంటాడు.

తాటిచెట్టు దగ్గరికొస్తే మాత్రం నన్నెవరూ ఆపకండి. వేసవిలో ముంజలు. లేతగా ఉండగానే కోయాలి, ఆలస్యమైతే పంటికి అడ్డం పడతాయి. కోయకుండా వదిలేసినవి శ్రావణ భాద్రపదాల్లో పండి, అర్ధరాత్రి ధబ్బున రాలేవి. ఆ చప్పుడుకి ఎవడు ముందు లేస్తే పండు వాడిది. కాల్చి, పీచు పీకుతూ చీకుతుంటే మూతీ చొక్కా పసుపే. టెంకలు పారేసేవాళ్లం కాదు. పెరట్లో మట్టి గుల్లచేసి, పక్కపక్కన పేర్చి, మన్ను కప్పితే అది పాతర. ఇక చేయాల్సిన పనేం లేదు, ఆగడమే. మొలక పైకి రాకుండా కిందికి దిగుతుంది కాబట్టి చూసి తెలుసుకునేది కూడా ఏమీ ఉండదు. ఆగలేక కార్తీకంలోనే తవ్వినవాడికి వేలెడు పుల్ల దొరికేది, వీపు మీద ఒకటి పడేది. సంక్రాంతి ముందు తవ్వితే తేగలు. కుండలో కాల్చి చీల్చాక మధ్యలో ఉండే చందమామ ఎవరిదన్న దాని మీద కొట్లాట. టెంక పగలగొడితే బుర్రగుంజు, అది ఇంకో కొట్లాట.

మొన్న ఇక్కడ హైదరాబాదులో అవే తేగలు సూపర్‌ మార్కెట్లో కవరులో చుట్టి పెట్టారు. మనవరాలు ఒకటి కొరికి "పీచుగా ఉంది తాతయ్యా" అంది. పీచు లేని తేగ ఎక్కడుంటుందమ్మా! అది తీసుకుంటూ, నములుతూ, కబుర్లాడుతూ తినడానికే కదా మాకు పూటంతా పట్టేది.

ఈ భాద్రపదంలో ఊరి నుంచి గోనెడు టెంకలు తెప్పించి, అపార్ట్‌మెంటు వెనక గోడవారన పాతర వేశాను. అసోసియేషన్ సెక్రటరీ వచ్చి ఏమిటిది అంకుల్ అన్నాడు. చెప్పాను. ఎప్పుడు తీసేస్తారన్నాడు. సంక్రాంతికి అన్నాను. అక్కడ వచ్చే వారమే టైల్స్ వేయిస్తున్నామండీ అన్నాడు. వేయించుకో నాయనా, సంక్రాంతి వెళ్లాక. నీకూ ఓ కట్ట తేగలిస్తానులే అంటే, తేగలంటే ఏమిటని అడిగాడు. ఏ ఊరు బాబూ మీది అన్నాను.

రాజోలట.