నేను తొమ్మిదో తరగతి తెరను

ఆంధ్రప్రదేశ్‌లో ఒక జిల్లా పరిషత్ హైస్కూలు నా నివాసం. తొమ్మిదో తరగతి గోడకు బిగించిన డిజిటల్ ప్యానెల్‌ను నేను. నాడు-నేడు పథకంలో భాగంగా 2023లో నాలాంటివాళ్లం ఎందరమో సర్కారు బడులకు చేరాం. పిల్లలు నన్ను పెద్ద టీవీ అంటారు. వేలితో తాకితే పలుకుతాను, రాస్తే రాయించుకుంటాను. మొదట్లో లెక్కలకీ సైన్సుకీ తప్ప నన్ను తాకేవాళ్లు లేరు. తెలుగు పిరియడ్ గంట కొట్టగానే నా స్విచ్ ఆపేసేవాళ్లు. పద్యం చెప్పుకోవడానికి తెర ఎందుకని అందరి ఉద్దేశం.

తెలుగు మేడం మాత్రం అలా అనుకోలేదు. ఆవిడ ముందుగా నాలో తెరిచింది ఆంధ్రభారతి నిఘంటువుల సైట్. పద్యంలో ఒక మాట తగిలితే శబ్దరత్నాకరం, సూర్యరాయాంధ్ర నిఘంటువు, బ్రౌన్ నిఘంటువు ఏమంటున్నాయో ఒక్కచోటే కనిపిస్తుంది. "ఈ పద్యానికి వీటిలో ఏ అర్థం అతుకుతుందిరా?" అని అడిగి ఆవిడ పక్కకు తప్పుకుంటారు. ఇక వాదన పిల్లలది. నోట్సులోకి ఎక్కించుకోవడమే తెలిసిన పిల్లలు అర్థాన్ని ఎంచుకోవడం నేర్చారు.

తర్వాత ఇంగ్లీషు అక్షరాలు కొడితే తెలుగులో చూపే, వీవెన్ తయారుచేసిన లేఖిని వచ్చింది. అందులో చిన్న ఎల్ కొడితే 'ల', పెద్ద ఎల్ కొడితే 'ళ'. ఒకమ్మాయి 'నీల్లు' అని కొట్టింది. మేడం తప్పనలేదు. "ఒకసారి పైకి పలుకమ్మా, నాలుక ఎక్కడ తగులుతోందో చూడు" అన్నారు. ఆ పిల్ల రెండుసార్లు పలికి చూసుకుంది. తనంతట తానే చెరిపి 'నీళ్లు' అని దిద్దుకుంది.

అసలు పండగ వికీపీడియాతో మొదలైంది. 2003లో పుట్టిన తెలుగు వికీపీడియాలో మన ఊళ్లకు వేల పేజీలున్నాయి. ఒకరోజు ఈ ఊరి పేజీ నా మీద తెరుచుకుంది. 2011 జనాభా లెక్కలున్నాయి, దగ్గరి పట్నం ఎంత దూరమో ఉంది. చెరువు ఊసే లేదు.

"మేడం, మన చెరువేదీ?"

"ఎవరూ రాయలేదు గనక లేదు. మనం రాద్దామా?"

ముందు వికీలోని ప్రయోగశాల పేజీలో చిత్తుప్రతి. మొదటి వాక్యం: 'మా ఊరి చెరువు ఎంతో అందమైనది.' మేడం ఎర్రరంగు ఎంచుకుని నా మీదే గీత గీశారు. చదివేవాళ్లకు 'మా' అంటే ఎవరు? అందమని ఎవరన్నారు? వెళ్లి చూసి రమ్మన్నారు. మర్నాటికి తూములెన్నో, అలుగు ఏ దిక్కునో, ఆయకట్టు కింద ఏ పంట పండుతుందో తెలిసింది. చెరువు తవ్వించిన కథ తాతయ్య చెప్పాడని ఒకడు రాశాడు. "తాతయ్య మాట విలువైనదే నాన్నా. కానీ ఇక్కడ పెట్టాలంటే ఎవరైనా సరిచూసుకోగల ఆధారం ఉండాలి" అన్నారు మేడం. ఆ కథ బడి గోడపత్రికకు వెళ్లింది. పాత దినపత్రిక కథనంలో దొరికిన వివరాలు వికీకి వెళ్లాయి. నెట్ రాకపోతే మేడం ఫోన్ హాట్‌స్పాటే దిక్కు. పిల్లల పేర్లు బయటపడకుండా ఆవిడ తన ఖాతా నుంచే ప్రచురించారు.

కొన్నాళ్లకు ఎవరో ముక్కూమొహం తెలియనివాళ్లు ఆ పేజీలో ఒక వాక్యం మార్చారు. "మనది చెరిపేశారు మేడం!" అని పిల్లలు ఉడుక్కున్నారు. ఆవిడ 'చరిత్ర' నొక్కారు. పాతదీ కొత్తదీ పక్కపక్కన నిలిచాయి. "ఏది బాగుంది?" కాసేపు గొడవపడి, కొత్తదే సూటిగా ఉందని ఒప్పుకున్నారు. సాటి రచయిత దిద్దితే చిన్నతనం కాదని ఏ వ్యాకరణ పాఠమూ ఇంత బాగా చెప్పలేదు.

నెట్‌లో తెలుగు పెరగాలంటే తెలుగు చదివే పిల్లలు తెలుగు రాసేవాళ్లు కావాలి. గాజు తెరగా నేను చూపించగలను, అంతే. ఏం చూడాలో, ఎందుకు రాయాలో చెప్పడానికి టీచరు కావాలి. తెలుగు చెప్పే అయ్యవార్లకూ అమ్మగార్లకూ నా మనవి ఒకటే: రేపటి పిరియడ్‌లో మీ ఊరి పేజీ తెరవండి, అందులో ఏం లేదో పిల్లల్నే అడగండి.