హ్యాండిల్ తిప్పితే లేచే బండ్లు

పోయిన నెల నిజామాబాద్‌లో మా అబ్బాయి కారు హెడ్‌లైటు పగిలింది. ఖలీల్‌వాడి గల్లీలో బండి తిప్పుకుంటుంటే గోడ తగిలింది, అంతే. అద్దానికి వేలెడు పగులు. లోపల దీపం బాగానే వెలుగుతోంది. షోరూముకు పోతే, చేతిలో ట్యాబ్ పట్టుకున్న పిల్లవాడు చుట్టూ తిరిగి చూసి, "మొత్తం సెట్టు మార్చాలె సార్" అన్నాడు. "అద్దం ఒక్కటే మార్చరాదా బిడ్డా?" అని అడిగాను. "అద్దం విడిగా రాదు సార్. దీనికి రిపేర్ ఉండదు" అన్నాడు.

రిపేర్ ఉండదట! ఆ మాట నాకు ఇప్పటికీ మింగుడు పడటం లేదు. మనిషి బిగించినదాన్ని మనిషి విప్పలేకపోవడమేమిటి? పిల్లవాడి తప్పు కాదు, వాడికి నేర్పింది అంతే. కానీ ఆ రోజు ఇంటికొచ్చి కూర్చున్నాక, నా కళ్ళముందు బోధన్ రోడ్డు మొత్తం తిరిగింది. ఈ రోడ్డు కాదు, అప్పటిది.

నేను శక్కర్‌నగర్‌లో పుట్టి పెరిగినవాణ్ని. బోధన్ పక్కన నిజాం షుగర్ ఫ్యాక్టరీ చుట్టూ వెలసిన ఊరది. మా నాయిన అందులో ఫిట్టర్. 1923లో మొదలుపెట్టి 1931కల్లా మంజీర మీద నిజాంసాగర్ కట్టారు. ఆ కాలువ నీళ్ళతోనే చెరుకు వచ్చింది, చెరుకుతో 1937లో ఫ్యాక్టరీ వచ్చింది. ఆసియాలోనే పెద్దదని మా బళ్ళో ఎక్కాలతో పాటు చెప్పేవారు. చెరుకు పైసలు చేతికి వచ్చినంకనే మా సడకుల మీదికి మోటార్లు ఎక్కువయ్యాయి. పటేళ్ళు, షావుకార్లు, డాక్టర్లు, వకీళ్ళు, ఫ్యాక్టరీ బంగళాల్లో ఉండే ఆఫీసర్లు, కోస్తా జిల్లాల నుంచి వచ్చి వర్ని, కోటగిరి పక్కన క్యాంపులు కట్టుకున్న రైతులు, ఒకరి తర్వాత ఒకరు కొన్నారు.

పాత ఇంగ్లిష్ కార్లంటే హైదరాబాద్ వాళ్ళు నిజాం పసుప్పచ్చ రోల్స్‌రాయిస్ గురించే చెబుతారు. చౌమహల్లా ప్యాలెస్‌లో పెట్టారు, నేనూ చూశాను. అందమైనదే. కానీ అది దర్బారు బండి, మా నల్లరేగడి బురద దానికి తెలియదు. మా ఇందూరు, అదే నిజామాబాద్ జిల్లా ఎరిగిన ఇంగ్లిష్ బండ్లు వేరు. వాటిలో మొదట చెప్పవలసింది కారే కాదు, బస్సు. 1932లో నిజాం రైల్వే వాళ్ళు 27 బండ్లతో, 166 మంది పనివాళ్ళతో బస్సులు మొదలుపెట్టారు. స్కాట్లండ్‌లో చేసిన ఆల్బియన్ బస్సులు ఆ కాలానివే. యుద్ధం రోజుల్లో పెట్రోలు దొరకక బస్సు వెనక బొగ్గు పొయ్యి కట్టి, ఆ గ్యాసుతో నడిపేవారని మా నాయిన చెప్పేవాడు. గుట్ట ఎక్కలేకపోతే జనమే దిగి నూకేవారట. ఆయన దాన్ని కష్టంగా చెప్పేవాడు కాదు. బండి మనదైతే నూకుతాం, అంతే అన్నట్టు చెప్పేవాడు.

నాకు ఊహ తెలిసేసరికి ల్యాండ్‌మాస్టర్లు ఉన్నాయి. ఆ వెనకే అంబాసిడర్ వచ్చింది. కలకత్తా దగ్గరి ఉత్తర్‌పారాలో తయారైనా దాని పుట్టిల్లు ఆక్స్‌ఫర్డ్ పక్కనున్న కౌలీ. అక్కడ దాని పేరు మోరిస్ ఆక్స్‌ఫర్డ్, మూడో సిరీస్. ఇంగ్లిషువాళ్ళు ఆ మోడల్‌ను 1959లోనే ఆపేశారు. మనం 2014 మే 24 దాకా నడిపించుకున్నాం. ఇంకో తొమ్మిది రోజులకు తెలంగాణ వచ్చింది. ఊరంతా రంగులు చల్లుకుంటున్న ఆ సంబురంలో అంబాసిడర్ పోయిందన్న వార్త ఎవరికీ పట్టలేదు. నాకు మాత్రం ఆ రెండూ ఒకే వారం వచ్చినట్టు గుర్తుండిపోయాయి. మూడేళ్ళకు ఆ పేరును ఫ్రాన్సు వాళ్ళ పూజో కంపెనీ 80 కోట్లకు కొనుక్కుంది. కారు లేదు, ఉత్త పేరు.

అప్పట్లో నిజామాబాద్ నుంచి బోధన్‌కు పోవాలంటే బస్సు, రైలు, లేదా కిరాయి అంబాసిడర్. ముందు సీటు బెంచీలా ఒకటే పలక. గేరు స్టీరింగ్ పక్కన ఉండేది కాబట్టి మధ్యలో అడ్డం లేదు. డ్రైవర్ పక్కన ముగ్గురు, వెనక ఐదుగురు, ఒళ్ళో పిల్లలు, డిక్కీలో బెల్లం ముద్దలు. ఎడపల్లి దాటేసరికి వెనక సీటులో పెళ్ళి సంబంధం ఒకటి కుదిరి ఉండేది. అద్దాలన్నీ దించే ఉండేవి. డ్రైవర్ సడకు మీద నడిచేవాణ్ని చూసి వేగం తగ్గించి, "ఎటు పోతున్నవ్ సారూ, ఎక్కు" అనేవాడు. ఇప్పుడు ఆ సడకు మీద బండికి ఒక్క మనిషి, అద్దాలు ఎత్తి, చల్లగాలి పెట్టుకొని పోతున్నాడు. మొన్న ఒకాయన నా పక్కనే ఆపితే, ఎక్కించుకుంటాడేమో అనుకున్నాను. ఫోను మాట్లాడుకోవడానికి ఆపాడు.

ఖలీల్‌వాడిలో మా డాక్టరు గారికి స్టాండర్డ్ హెరాల్డ్ ఉండేది. ఇంగ్లండ్‌లో కోవెంట్రీ వాళ్ళ ట్రయంఫ్ హెరాల్డే అది. గీత గీసినవాడు మిషెలోటి అనే ఇటలీ ఆయన. 1960ల మొదట్లో మద్రాసులో తయారుచేయడం మొదలుపెట్టారు. ఆ బండి సొగసు ఈనాటి పిల్లలకు ఎట్లా చెప్పాలో తెలియదు. బానెట్టు మాత్రమే కాదు, మడ్‌గార్డులు, దీపాలతో సహా ముందు భాగమంతా మొసలి నోరు తెరిచినట్టు ముందుకు లేచేది. అప్పుడు ఇంజను నలువైపులా బయట. మిస్త్రీ ముందు టైరు మీద కూర్చొని, ఇంటి అరుగు మీద కూర్చున్నంత సుఖంగా పనిచేసుకునేవాడు. పాతిక అడుగుల జాగాలో గుండ్రంగా తిరిగేది. గాంధీచౌక్ వెనక గల్లీల్లో డాక్టరు గారు ఒక్క తిప్పుకు బండి మళ్ళిస్తుంటే మేం పనికి ఆలస్యమైనా ఆగి చూసేవాళ్ళం. ఆ కారును చేసినవాడు, రేపు దీన్ని ఎవడో విప్పుతాడు, వాడికి చెయ్యి పట్టాలి అని ముందే తలచుకొని చేశాడు. నేను ఇన్నేళ్ళుగా పోగొట్టుకున్నాననుకుంటున్నది అదే. ఆ తలపు.

అర్సపల్లి దాటినంక బోధన్ రోడ్డు మీద ఒక ఉస్తాద్ షెడ్డు ఉండేది. నాలుగు రేకులు, ఒక వేపచెట్టు, ఒక గుంత. ఆయన చదువు ఉర్దూ నాలుగో తరగతి. నేను బడిపంతులు ఉద్యోగంలో చేరాక ప్రతి ఆదివారం అక్కడే కూర్చునేవాణ్ని. బండి వస్తే ఆయన ముందుగా ఏదీ విప్పడు. పొడుగాటి స్క్రూడ్రైవర్ మొన ఇంజను మీద ఆనించి, పిడి చెవికి పెట్టుకునేవాడు. కళ్ళు మూసుకునేవాడు. "మూడో ప్లగ్గు పడుకుంది సారూ" అనేవాడు. విప్పితే మూడోదే మసిబట్టి ఉండేది. పాయింట్లు గరుకు కాగితంతో రుద్ది, బ్లేడు ముక్క మధ్యలో పెట్టి ఎడం చూసుకునేవాడు. దారిలో రేడియేటర్ కారితే గుప్పెడు పసుపు వేసి ఊరు చేరమనేవాడు. పెట్రోలు ట్యాంకు చెమ్మగిల్లితే బట్టల సబ్బు మెత్తగా చేసి పట్టించేవాడు. మే నెల ఎండలో బండి ఆగిపోతే పంపు మీద తడిగుడ్డ వేసి, ఒక బీడీ తాగేదాకా ఆగమనేవాడు. బీడీ అయిపోయేసరికి బండి లేచేది. వీటిలో ఏదీ గాలివాటం కాదు. పెట్రోలు ఎండకు పైపులోనే ఆవిరైతే పంపు లాగలేదు, తడిగుడ్డ చల్లబరిస్తే మళ్ళీ లాగుతుంది. ఆయనకు ఆవిరి గురించి పుస్తకంలో ఉన్న మాటలు తెలియవు, ఆవిరి తెలుసు.

ఆయన దగ్గర పని నేర్చిన పోరగాళ్ళు తర్వాత కామారెడ్డి, బాన్సువాడ, ఆర్మూర్‌లలో షెడ్లు పెట్టుకున్నారు. ఒక కారు నాలుగు ఇండ్లకు అన్నం పెట్టింది అంటే నమ్మండి. సీట్లు కుట్టేవాడు ఒకడు, డైనమో చుట్టేవాడు ఒకడు, డెంటు తీసేవాడు ఒకడు, బ్యాటరీవాడు ఒకడు. ఇప్పుడు కారు చెడితే పైసలన్నీ ఒక్క కౌంటరులోకి పోతాయి.

ఆ బండ్లకు లోపాలు లేవని నేను అనను. బ్రేకులు నేటి బండ్లంత పట్టవు. నూనె కారుతుంది. ఎక్కువ బరువు వేస్తే ఎత్తు మీద మూలుగుతుంది. ఆ రోజుల్లో కారు కావాలంటే పైసలు కట్టి ఏండ్లు ఎదురుచూడాలి, దానికి కూడా పలుకుబడి కావాలి. 1983లో మారుతి వచ్చినప్పుడు చిన్న జీతగాడికి కారు అందింది, అది మంచే జరిగింది. ఎయిర్‌బ్యాగులు ప్రాణాలు కాపాడుతున్నాయి, నా మనుమడు అవి ఉన్న బండిలో కూర్చుంటే నాకు నిశ్చింత. నేను అడిగేది ఇంతే, ప్రాణం కాపాడే బండికి హెడ్‌లైటు అద్దం విడిగా ఎందుకు రాకూడదు?

మళ్ళీ ఆ పాత సడకు మీదికి వస్తే, చెరుకు సీజను నవంబరు నుంచి మొదలయ్యేది. అప్పుడు బోధన్ సడకు మీద కారుకు తోవ దొరికేది కాదు. ఫ్యాక్టరీ గేటు నుంచి మైలు పొడుగున ఎడ్లబండ్లు, తర్వాతి ఏండ్లలో ట్రాక్టర్లు. ఎర్రటి మాస్సీ ఫెర్గూసన్లు, అవీ ఇంగ్లిష్ సంతతే, 1960ల నుంచి మద్రాసు టాఫే వాళ్ళు చేసేవారు. వరుసలో ఇరుక్కున్న అంబాసిడర్ డ్రైవర్ హారన్ కొట్టేవాడు కాదు. దిగి, ముందున్న బండిలోంచి ఒక గడ పీక్కొని, బానెట్టు మీద కూర్చొని నమిలేవాడు. బండి యజమాని కూడా ఏమీ అనేవాడు కాదు. గాలినిండా మొలాసిస్ వాసన. కొత్తగా వచ్చినవాళ్ళు ముక్కు మూసుకునేవాళ్ళు, మాకది జీతం వాసన. ఫ్యాక్టరీ సైరన్ మోగితే షిఫ్టు దిగినవాళ్ళ సైకిళ్ళు వందలకొద్దీ ఒకేసారి సడకు ఎక్కేవి, అప్పుడు పటేలు కారైనా ఆఫీసరు కారైనా ఆగవలసిందే.

2002లో ఆ ఫ్యాక్టరీ ప్రైవేటు చేతుల్లోకి పోయింది. 2015 డిసెంబరులో తాళం పడింది. 2024 జనవరిలో మళ్ళీ తెరిపించడానికి సర్కారు కమిటీ వేసింది. ఈలోగా చెరుకు మళ్ళల్లోకి వరి, సోయా వచ్చాయి. గానుగలు తుప్పు పడుతుంటే చూసి వచ్చిన రోజు రాత్రి నాకు నిద్ర పట్టలేదు. మా నాయిన ఆ యంత్రాలను నలభై ఏండ్లు విప్పి బిగించాడు. పాతబడింది కాబట్టి పోవలసిందే అంటారు కొందరు. పాతబడితే మనిషి పోతాడు, యంత్రం ఎందుకు పోతుంది? అరిగిన చోట బుష్ మార్చాలి, నూనె పోయాలి, పట్టించుకునేవాడు ఒకడు ఉండాలి. పట్టించుకునేవాడు లేకనే పోయింది.

ఇంకో సంగతి నన్ను తినేస్తోంది. ఇప్పుడు బంకులో పోసే పెట్రోలులో 20 శాతం ఇథనాల్ ఉంది. ఇదేదో కొత్తగా కనిపెట్టినట్టు చెబుతున్నారు. నిజాం కాలంలోనే మన దగ్గర ఇప్పపువ్వు నుంచి ఆల్కహాల్ తీసి పెట్రోలులో కలిపారు. మొలాసిస్ నుంచి కూడా ఇథనాల్ తీయవచ్చు. అంటే దేశమంతా చెరుకు రసంతో బండి నడపాలని చూస్తున్న రోజున, చెరుకు సీమలో చెరుకు ఫ్యాక్టరీకి తాళం వేసి ఉంది. పైగా ఆ పెట్రోలుకు పాత కార్బొరేటర్ బండ్ల రబ్బరు పైపులు, వాషర్లు ఉబ్బి పాడవుతాయి. మిగిలిన నాలుగు పాత బండ్లను కూడా బతకనివ్వరా?

ఉస్తాద్ ఇంకా ఉన్నాడు. ఎనభై దాటాయి. షెడ్డు కొడుకు చూసుకుంటున్నాడు, ఎక్కువగా ఆటోలు, మోటరుసైకిళ్ళు. వేపచెట్టు కింద తెల్ల అంబాసిడర్ ఒకటి ఉంది, నంబరు ఇంకా ఏపీ 25. దాని ఓనరు పిల్లలు తీసుకుపోలేదు, ఉస్తాద్ తుక్కుకు ఇవ్వలేదు. హెడ్‌లైటు గొడవ జరిగిన మరుసటి ఆదివారం మనుమణ్ని వెంటబెట్టుకొని పోయాను. పిల్లవాడికి పదకొండేండ్లు, కారంటే బటన్ నొక్కితే లేచేది అనుకుంటాడు.

బ్యాటరీ లేదు. కొత్త రబ్బరు పైపు వేసి, కార్బొరేటర్ కడిగి, సీసాతో పెట్రోలు పోశాడు ఉస్తాద్ కొడుకు. ఇగ్నిషన్ కాయిల్‌కు కరెంటు కోసం ఆటో బ్యాటరీ తెచ్చి తగిలించాడు. సెల్ఫుకు అది సరిపోదు. ఉస్తాద్ మంచం కిందినుంచి హ్యాండిల్ తీయించాడు. బంపరు కింది బెజ్జంలోంచి దూర్చి, పట్టిందో లేదో చేత్తో చూసుకున్నాడు. తిప్పే బలం ఆయనకు లేదు, నాకూ లేదు. మనుమడు ఉరికి వచ్చి, పిడికిలి బిగించి పట్టుకున్నాడు.

"ఆగు బేటా, ఆగు" అని ఉస్తాద్ వాడి వేళ్ళు ఒక్కొక్కటే విప్పాడు. "బొటనవేలు అటు పోనియ్యకు. ఇంజను ఎనుకకు తంతే ఇరుగుతది. అయిదు వేళ్ళు ఒక్క దిక్కే పెట్టు. కింది నుంచి పైకి గుంజు, పై నుంచి కిందికి నూకకు. ఆఁ, గట్ల. ఇగ గుంజు."